చెవిరాయి

సర్వితోపు మొన, నీళ్ల ట్యాంకు
ఒకే గీతలోకి వచ్చిన చోట
కాటయ్య ఇంజను ఆపుతాడు.
"ఇక్కడేమ్మా, దిగు" అంటాడు,
బస్సు కండక్టరులా.

వెనక తుమ్మలపెంట. కింద పద్నాలుగు మీటర్లు,
పెన్నా కలక ఇంకా తేరని నీళ్లు.
మార్చిలో మూడు వారాలే నాకు కళ్లుంటాయి,
మిగతా ఏడాదంతా తడిమి చదవడమే.

వీపు మీదుగా పడతాను.
మొదట ఆకుపచ్చ, తర్వాత మజ్జిగ రంగు, తర్వాత
నా ఊపిరి నాకే వినపడే గది.

ఎనిమిదేళ్ల కింద క్రేను దించిన సిమెంటు గూళ్లు.
కట్టిన మేస్త్రీ కూడా ఇప్పుడు పోల్చుకోలేడు:
గవ్వ మీద నాచు, నాచు మీద గవ్వ,
కిటికీల్లోంచి పిల్లపారలు, బడి వదిలినట్టు.
నీళ్లలోనూ పెన్సిలు రాస్తుందని
చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.
పారలు నూట పది.
ఎర్రమీనులు ఇరవై, కాదు, పందొమ్మిది.
ఒకటి రెండుసార్లు వచ్చింది.

మూడో గూట్లో ఆమె ఉంటుంది,
కుడి రెక్క చిరిగిన బొంతు.
ఆమె అనడం నా అలవాటు. నిరుటి నుంచీ ఆయన.
వయసు మీదపడితే బొంతుల్లో ఆడది మగదవుతుంది.
కాటయ్యకు చెప్తే బీడీ తీయకుండానే అన్నాడు:
"మా మేనత్తా అంతే, మామ పోయినాక."
మూడేళ్లుగా ఆ కన్ను కూడా నన్ను లెక్కపెడుతోంది.
ప్రతిసారీ ఒకటే.

ఈ పొద్దు మూడో గూడు ఖాళీ.
సున్నా చుట్టడానికి
పెన్సిలు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

ఒడ్డున చెంగమ్మ టబ్బులో, ఐసు మీద, అదే రెక్క.
"తలకాయ ఇస్తావా?"
"తల లేకుండా పులుసేందమ్మే? రుచంతా ఆడనే గదా!"
"రుచి నువ్వే ఉంచుకో. చెవిలో రాళ్లుంటాయి, అవి చాలు."
నవ్వింది, కత్తిపీట తిప్పింది,
గోటితో గిల్లి తీసింది రెండు రాళ్లు,
పెసరగింజ కన్నా పెద్దవి, చింతగింజ కన్నా చిన్నవి.
ఒకటి నా అరచేతిలో పెట్టి
రెండోది కొంగున ముడేసుకుంది. ఎందుకని అడగలేదు.

రాత్రి కావలి గదిలో అరగదీసి చూశాను.
చెట్టు మానులో లాగే వలయాలు.
పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.
ఉన్న ఇంటి కన్నా మూడేళ్లు పెద్దది.

ఆ మూడేళ్లూ ఎక్కడుందో రాయడానికి
నా పలకలో గడి లేదు.

తెల్లారి అడిగితే కాటయ్య
గడ్డంతో తూర్పు చూపించాడు.
"అటు మా తాత ఎరిగిన రాళ్లుండాయి.
గుర్తుకి ఒడ్డున రెండు తాళ్లుండేవి.
రొయ్యలగుంటలకి పోయినాయి."