పుర్రచేతి కొమ్ము

పద్నాలుగు అడుగుల లోతున
బకెట్ పళ్ళకి ఏదో తగిలింది.
రాయనుకున్నాను మొదట.
తర్వాత నాకే నవ్వొచ్చింది,
బలుసుతిప్పలో రాయేమిటి!

ఇక్కడ పిల్లలు కాకిని కొట్టాలన్నా
పెంకుముక్క వెతుక్కోవాలి.
రుబ్బురోలు, సరిహద్దు రాయి
అన్నీ ఎక్కడో పుట్టి బండెక్కి వచ్చినవే.
పైన ఒండ్రు, దాని కింద ఇసక,
ఇసక కింద నల్లబంక, గవ్వలు,
ఎప్పుడో మునిగిన మడచెట్ల వేళ్ళు.

ఇంజనాపి దిగాను.
బురదలో మోచేతి దాకా పెట్టి తీస్తే
జానెడు పొడుగు, బెల్లం రంగు,
ఒక కొస మొన, ఒక కొస విరుపు.
చెరువు తవ్విస్తున్న ముదునూరి పెదబాబుగారు
గట్టు మీంచే కేకేశారు:
"ఎముకేగా, అవతల పారెయ్,
గంటల లెక్కన ఇస్తున్నాను బాడుగ."

ఎముక కాదది.
మాది పాపికొండల కింద ఊరు,
ఇప్పుడు నీళ్ళ కింద ఊరు.
మా తాత కత్తుల సోమిరెడ్డి
ఇప్పపూలు రాలే రోజుల్లో
కణితి కొమ్ములు ఏరడానికి పోయేవాడు.
"చంపక్కర్లేదురా, అదే వదిలేసి పోద్ది.
దానికి తలబరువు, మనకి చేతిసాయం."
మూడు రాత్రులు వాగులో నానేసేవాడు.
ఎండిన కొమ్ము పగుల్తుంది గానీ లొంగదు,
నానిన కొమ్ము మాట వింటుంది.

అంచేత చూడగానే పోల్చాను.
పక్కనంట పొడుగ్గా కోసిన గాడి,
పదునైన రాతిచెక్కతో కాబోలు,
ఒకేచోట వందసార్లు గీసిన గీత.
రెండు చోట్ల గీత తప్పింది.
ఆ తప్పిన చోటే ఆగిపోయాను చాలాసేపు.
అప్పుడెవరు పిలిచారో,
ఏ పసిపిల్ల ఏడ్చిందో,
పోటొస్తోందని ఎవరు అరిచారో.

మెడ దగ్గర ఒక గుంట.
వేలు ఒరుసుకుని ఒరుసుకుని పడ్డ గుంట.
బొటనవేలు ఆనించి చూశాను, కుదర్లేదు.
మొన ఎటో పక్కకి చూస్తోంది,
అలిగిన మనిషిలా.

సాయంత్రం రేవులో వల బాగుచేసుకుంటున్న
ఓలేటి పోలమ్మకిచ్చాను.
ఆవిడకీ కుదర్లేదు.
"పనోడి సామాను కాదిది, ఎవడో వంకరోడిది" అంది.
ఆవిడ మనవరాలు నూకరత్నం
చెయ్యి పావడాకి తుడుచుకుని
లాక్కుంది, ఎడంచేత్తో.

గుంటలో వేలు,
వేలి సూటికి మొన.

ఆ పిల్లని బళ్ళో పుర్రచెయ్యని ఏడిపిస్తారు.
పలక మీద ఎడంచేత్తో దిద్దితే
వాళ్ళమ్మ వేళ్ళ మీద కొట్టి కుడికి మార్చేది.
పుర్రెకో బుద్ధి అంటారే,
పుర్రచేతికీ ఒక పనిముట్టు ఉండేదన్నమాట.
ఆ చేతిని కూడా కొట్టారేమో, తెలీదు.
కొట్టినా మారలేదు, అంతే.

పీత బిగించిన నైలాను ముడి ఒకటి
పోలమ్మ పళ్ళతో లాగి లాగి వదిలేసింది.
పిల్ల మొన దూర్చి తిప్పింది.
విడింది.
పోలమ్మ ఏమీ అనలేదు,
ఇంకో ముడి చూపించింది.

సముద్రం అప్పుడెక్కడుండేదో,
గోదారి ఏ పాయని ఎటు తిప్పుకుందో,
చేసినవాళ్ళు ఇక్కడే కూర్చుని చేశారో,
కొమ్ము కూడా నాలాగే
పైనుంచి వరదకి కొట్టుకొచ్చిందో.
బడి మాస్టారు ఫోటో తీసి
రాజమండ్రిలో ఎవరికో పంపారు.
జవాబింకా రాలేదు.
కొమ్ము నూకరత్నం జడబిళ్ళల డబ్బాలో ఉంది.

మర్నాడు మళ్ళీ సీటెక్కాను.
కుడిచేతి లీవరు బకెట్టుకి,
ఎడంచేతి లీవరు ఇటూ అటూ తిరగడానికి.
ఇన్నేళ్ళలో మొదటిసారి
ఎడంచేతి వంక చూసుకున్నాను.

వారానికి బకెట్ పళ్ళు అరిగిపోయాయి.
మెకానిక్కు విప్పి కొత్తవి బిగించి
పాతవి ఇనుప సామాన్లవాడికి వేద్దామన్నాడు.
మూడు వేశాను.
మరీ అరిగినది ఒకటి
సీటు కింద దాచుకున్నాను.