లాకు దగ్గర ఎనిమిదో తరగతి

నా చేతిలో సుద్దముక్క ఉన్నంతసేపూ
ఎవ్వరూ నోరు విప్పరు.
ఇది తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

పాలకొల్లులో బస్సు దిగి
కాలవగట్టు మీద ఆటో అంచున వేలాడుతూ వచ్చే పంతులమ్మను.
పిల్లలకి ఇంగ్లీషు మేడాన్ని,
వాళ్ళ తల్లులకి ఇంగ్లీషమ్మను.

మొదట్లో నేనూ అందర్లాగే
"రిపీట్ ఆఫ్టర్ మీ" అన్నాను.
నలభై రెండు గొంతులు ఒక్కసారే లేచి
పెంకుల మీది పావురాల్ని ఎగరగొట్టేవి.
ఒక్కణ్ణి లేపి "నువ్వు చెప్పు" అంటే
పావురాలు తిరిగొచ్చి కూర్చునేవి.

మూడో బెంచీ చివర యాళ్ళ వీరబాబు.
జూన్ నుంచీ వాడి ఇంగ్లీషు మొత్తం ఒకటే మాట.
"హ్యావ్ యూ ఈటెన్?"
"యెస్సండీ."
"వాట్ ఈజ్ యువర్ ఫాదర్స్ నేమ్?"
"యెస్సండీ."
క్లాసంతా ఘొల్లుమంది.
యెస్ పక్కన అండీ ఉండదురా అని దిద్దాను.
ఆ రోజు నుంచి అదీ మానేశాడు.

అప్పుడు పెట్టాను సుద్దముక్కని సొరుగులో.
బెంచీలు గోడకి నెట్టించి
చేపల సంత పెట్టించాను.
కాగితం పండుగొప్పలు రెండు, అగ్గిపెట్టెడు చీరమీను.
అమ్మేది దీవెన, కొనేది నేను.
"త్రీ హండ్రెడ్" అంది.
"టూ మచ్" అన్నాను.
"దెన్ గో, మేడం!" అంది,
నడుం మీద చెయ్యి వేసి, వాళ్ళమ్మ లాగే.
ఆ ధీమా నా గ్రామరు పుస్తకంలో
ఏ పేజీలోనూ లేదు.

వీరబాబు మాత్రం కొనలేదు, అమ్మలేదు.
తక్కెడ పట్టుకుని నిలబడ్డాడు.

డిసెంబరులో ఒక శుక్రవారం
ఇద్దరిద్దర్ని వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టాను.
ఒకరి చేతిలో బొమ్మ, ఇంకొకరి దగ్గర తెల్లకాగితం.
చూపించకూడదు. చెప్పాలి. విని గియ్యాలి.
తెలుగు కూడదన్నానే గాని
గొణుగుళ్ళు వినపడనట్టే తిరిగాను.

దీవెన చేతిలో మన లాకు బొమ్మ:
రెండు తలుపులు, మధ్యన పడవ.
"బోట్ కమింగ్. గేట్ ఓపెన్. బోట్ గోయింగ్"
అని గబగబా అప్పజెప్పేసింది.

వీరబాబు పెన్సిలు ఆగింది.
"నో."

నా నోట్లో వాక్యం సిద్ధంగా ఉంది, అందిద్దామని.
నాలుక పంటికింద పెట్టుకుని లెక్కపెట్టాను.
ఒకటి, రెండు, మూడు...
కిటికీ అవతల ధాన్యం బస్తాల ట్రాక్టరు
మొత్తం దాటిపోయింది.

"నో. గేట్ నాట్ ఓపెన్.
ఫస్ట్ వాటర్ కమ్. స్లో.
దిస్ సైడ్ వాటర్, దట్ సైడ్ వాటర్..."
రెండరచేతులూ ఒకే ఎత్తుకి తెచ్చాడు,
వెనకున్న పిల్లకి కనపడవని మరిచిపోయి.
"సేమ్. సేమ్ అయితే గేట్ ఈజీ.
మై తాత, వన్ హ్యాండ్."

వాళ్ళ తాత లస్కరట.
పడవలు రావడం మానేశాక కూడా
లాకు తలుపులకి గ్రీజు రాసేవాడట.
ఆర్నెల్లలో నేనడిగిన ప్రశ్నల్లో
వాడికి తెలిసిన సంగతి ఒక్కటీ అడగలేదు.

క్రియలు సరిగ్గా లేవు. ఆర్టికల్స్ లేవు.
మధ్యలో "అయితే" తెలుగు.
సంచిలో ఎర్రపెన్ను కదిలినట్టయింది.
కదలనీ.

దీవెన అటు తిరిగే అడిగింది,
"హౌ మచ్ టైమ్?"
"ఫిఫ్టీన్ మినిట్స్. యూ ఓన్లీ వెయిట్, అండీ."

ఆ అండీ దీవెనకా,
వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డ నాకా?
అడిగేలోపు బెల్లు కొట్టారు.

వాడు నా బల్ల మీద పెట్టి పరిగెత్తిన కాగితంలో
తలుపులు ఇంకా మూసే ఉన్నాయి.
పడవ లోపలే ఉంది.
నీటిగీత మాత్రం
కాగితం చిరిగేటంతగా
మళ్ళీ మళ్ళీ దిద్ది ఉంది.