మనామాలో గురువారం రాత్రి

పగలంతా డాబాల మీద కంప్రెసర్లు విప్పేవాణ్ణి.
"ఇందులోనూ ఒకటుందా?" అన్నాను.
రోడెల్ నవ్వలేదు, కేబుల్ గుచ్చాడు.

ఎడమ మీట నొక్కితే
గట్టిగా మీటినా మెల్లగా మీటినా
ఒకే ఎత్తున నిలబడింది శబ్దం,
ఫోర్‌మన్ ముందు మాలాగే.
కుడి మీటకి గొంతు జీరపోయింది,
అంచులు చిరిగి, వేడెక్కి.

పక్కది చవక. కానీ అందులో
అణిగాకే అరవాలి.
దీని వెనక చిన్న స్విచ్చుంది:
ముందు అరిచి, తర్వాత అణగొచ్చు.

ముప్పై ఎనిమిది దినార్లు.
రేపు శుక్రవారం ప్రార్థనలో పాస్టరు జెఫన్యాగారు
"ఏంటయ్యా ఆ గరగర" అంటారు.
అననీ.

రెండూ కలిపి నొక్కాను.
ఆఖరి తీగ ఆరిపోకుండా
షాపు ఏసీ ఆగి, మూలిగి,
మళ్లీ అందుకునేదాకా మోగింది.

"దానికి గ్యాసు తక్కువైంది రోడెల్,
నేను నింపుతాను.
మూడు దినార్లు తగ్గించు."