దగ్గు మీట

ముందు గుబ్బలన్నీ సున్నాకి తిప్పాలి.
ఆ తర్వాతే మైకుకి నలభై ఎనిమిది వోల్టులు.
తిరగేసి చేస్తే చెవిలో పిడుగు పడుతుందని
మట్టపర్తి మీరయ్య మొదటిరోజే చెప్పాడు,
చెప్పి, తనే తిరగేసి చేసి చూపించాడు.

మా స్టేషనంటే
తుఫాను షెల్టరు మేడమీద ఒక గది.
గోడలకి అంబాజీపేట పీచుపట్టాలు,
నా గొంతు వెళ్లి తగిలి వెనక్కి రాకుండా.
కిటికీకి పాత బొంత.
బల్లమీద ఇటుకంత పెట్టె,
దానికి ఎడమనొక గుబ్బ, కుడినొక గుబ్బ,
నడుమ ఎర్రదీపం,
కింద బొటనవేలి గోరంత నల్లమీట.

కుడిచెవిలో నేను.
ఎడమచెవిలో మీరయ్య.
"సువార్తా, మైకుకి జానెడు దూరం."
"సువార్తా, 'ప' దగ్గర ఊదకు, దీపం ఆర్పుతున్నావా?"

మూడురోజులు గుయ్యిమనే రొద వదల్లేదు.
తీగలన్నీ మార్చాం, పెట్టెని నిద్రపుచ్చి లేపాం.
చివరికి దొరికింది:
తూముకవతల రొయ్యలచెరువు ఏరియేటర్లూ
మేమూ ఒకే ఫేజు మీద.
మీరయ్య పెరట్లో ఆరడుగుల రాగికడ్డీ దిగ్గొట్టాడు.
రెండు దెబ్బలకే దిగిపోయింది.
"మన నేలకేంటండీ, అడిగితే చాలు, దారిచ్చేత్తది."
రొద సగం తగ్గింది.
మిగతా సగానికి మేం అలవాటుపడ్డాం.

ఇక నల్లమీట.
అది నొక్కినంతసేపూ నా గొంతు ఊరికి పోదు,
అద్దం అవతలున్న మీరయ్యకి పోతుంది.
దగ్గినా, తుమ్మినా, మరచెంబు కిందపడినా
అతనొక్కడే వినాలి.
పీతల రేటుకీ పంటు వేళలకీ మధ్య
నేనెన్నిసార్లు మాయమయ్యానో లంకలో ఎవరికీ తెలీదు.

ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడుతుందని
తీగల మూతులన్నీ వారానికోసారి
స్పిరిట్టు దూదితో తుడుస్తాం.
మీటని తుడవాలని ఎవరికీ తట్టలేదు.

ఆగస్టు. రాత్రి రెండు దాటింది.
రెండో ప్రమాద హెచ్చరిక చదువుతున్నాను.
లక్షల క్యూసెక్కులు, పడవల నంబర్లు,
లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.
గొంతు నాది, మాటలు ఆఫీసువి.
ఎడమచెవిలో మీరయ్య, మెల్లగా:
"మీ పుంత మునిగిందంట."

మీట నొక్కాను.
నొక్కి, అరిచాను:
"మీరయ్యా, మా గేదెనెవరన్నా విప్పారా?
పలుపు పొట్టిది, అది చూడిది,
తలెత్తడానిక్కూడా..."

కుడిచెవిలో
అదంతా నాకే వినబడుతోంది.
వినబడకూడదు.
ఎర్రదీపం ఆరలేదు.
అద్దం అవతల మీరయ్య
రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

వేలు తీశాను.
"క్షమించాలి" అన్నాను.
"పడవ నంబరు పదకొండు" అన్నాను.

తెల్లారాక తెలిసింది.
షెల్టరు మెట్లదాకా వచ్చినవాళ్లు
ఆ కాగితంలో ఎక్కడా లేని తమ గొడ్లకోసం
మొలలోతు నీళ్లలో వెనక్కి నడిచారట.
ఎవరి పలుపు చేతికందితే అది కోశారట.
ఏటిగట్టు మీద నలభైఏడు పశువులు,
ఎవరివెవరివో కలగాపులగం,
వాన కారుతున్న వీపులతో.

"ఒక్క మనిషి కొట్టుకుపోయుంటే?" అన్నాడు తాసిల్దారు.
అది నిజమే.
నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

మాది ఆ నలభైఏడులో లేదు.
మూడోరోజు కిందలంకలో
ఎవరిదో అరటితోట మేస్తూ దొరికింది.
దూడ సంగతి అడక్కండి.

పంటు దగ్గర ఇప్పుడు నన్నెవరూ పేరుతో పిలవరు.
"గేదె కులాసానా?" అంటారు, టిక్కెట్టిచ్చే కుర్రాడితో సహా.

లాగ్ పుస్తకంలో మీరయ్య రాత:
మీటలో లోపం. సరిచేయబడినది.
రాజమండ్రి నుంచి తెచ్చిన కొత్తది,
నొక్కితే టిక్కుమంటుంది, దీపం ఆరుతుంది.

అయినా నేను
దగ్గొస్తే నొక్కి, వెంటనే దగ్గను.
కుడిచెవిలో నేను లేనని
రూఢి అయ్యేదాకా ఆగుతాను,
గొంతులో ఆ గరగరని
అలాగే పట్టుకుని.