పాత సామాను లెక్క

ఎన్నూరులో మూతపడ్డ కరెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కి
కూల్చివేత ధర కట్టడానికి వచ్చాను.
చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు.
కిటికీ ఊచలు కిలోల్లో, గుమ్మాలు అడుగుల్లో,
ఇటుక మాత్రం లారీల్లో.
ఊరంటే మాకు ఇంతే.

నాలుగు వందల పన్నెండు ఇళ్లు.
తలుపు తట్టే పని లేదు, అయినా
మొదటి నాలుగైదు ఇళ్లకి తట్టాను.

బి బ్లాకు మూడో అంతస్తులో
దండెం తీగ ఇంకా బిగుతుగానే ఉంది.
వాచ్‌మన్ ఏకాంబరం చెప్పాడు,
సగం తెలుగు, సగం తమిళం:
"చిమ్నీ పొగ సముద్రం వైపు తిరిగితేనే
ఆడవాళ్లు అప్పడాలు ఎండేసేది సార్.
రేడియోలో వాతావరణం ఎవరిక్కావాలి?"

ఉన్నట్టుండి అతని మాటల్లో
పోయినవాళ్లు పోవడం మానేస్తారు:
"ఇది సింహాచలం మేస్త్రీ ఇల్లు, టర్బైన్ సెక్షను.
రాత్రి డ్యూటీ. పగలు గట్టిగా మాట్లాడకూడదు."
నేను నిజంగానే గొంతు తగ్గించాను.

మీటరు డబ్బాల్లో కందిరీగలు.
నగరానికంతా దీపం పెట్టిన ఊళ్లో
టార్చి వేసుకుని మెట్లు దిగాను.

బడి. తెలుగు సెక్షను గది.
బోర్డు మూల సుద్దముక్క రాత:
నమోదు 38
హాజరు 3
తేదీ చెరిగిపోయింది.
ఆ ముగ్గురూ
ఒక బెంచీకి జరిగి కూర్చున్నారో,
ఎవరి చోట వాళ్లే కూర్చున్నారో.
గోడలో కలిపి పోసిన సిమెంటు బోర్డు, ఊడిరాదు.
"విలువ: సున్నా" అని రాశాను.
రాశాక ఎందుకో టేపు సాచి కొలిచాను.
ఎనిమిది అడుగులు, నాలుగు.

రెండింటికి ఐదు నిమిషాలుందనగా
కుక్కలు లేచాయి, తొమ్మిదో పదో.
గేటు దగ్గర వరసగా కూర్చున్నాయి.
"షిఫ్టు దిగేవాళ్లు క్యారేజీ అడుగున మిగిలింది
ఇక్కడే దులిపేవాళ్లు సార్."
"వీటికి ఇంకా గుర్తుందా?"
"ఇవి నిన్నమొన్నటి పిల్లలు.
సైరన్ విన్నవి వీటి అమ్మమ్మలు."

రెండు దాటింది.
గేటు తెరుచుకోలేదు.
అసలు గేటే లేదు, పోయినేడే తూకానికి పోయింది.
రెండు స్తంభాల మధ్య గాలిని కాసేపు చూసి
ఎవరి నీడకి అవి వెళ్లిపోయాయి.

నా క్యారేజీ బండిలో ఉంది.
నిమ్మకాయ పులిహోర, సగం.
పెడితే నమ్ముతాయి.
ఎల్లుండి పొక్లెయిన్లు వస్తాయి.

మూత తీశాను.
అన్నిటికంటే చిన్నది
వాసన పట్టి వెనక్కి తిరిగింది.