ముందు ఏది కాలాలి

పొగ నా వృత్తి.
లియెపాయ సంతలో చేపలకు పొగబెట్టి అమ్ముతాను.
ఆల్డరు పొగ ఏదో, తడిచెక్క పొగ ఏదో
కళ్ళు మూసుకుని చెబుతాను.
ఆ ఆదివారం చెరువు నడిమధ్య
నా పడవ మూత సందులోంచి లేచిన పొగ మాత్రం
నాకు తెలిసిన ఏ చెట్టుదీ కాదు.

రిమోట్ జేబులో కుక్కి, నడుంలోతు నీళ్ళలో దిగి
ఒడ్డుకు లాక్కొచ్చి మూత తీశాను.
కనెక్టరు మైనంలా కరిగి
బ్యాటరీని పట్టుకుని వదలనంటోంది.
చవగ్గా దొరికిందని కొన్నది.
ఎంత మిగిలిందో అడగకండి.

వెల్టా అడగలేదు.
ముప్పయ్యొక్క ఏళ్ళు ట్రాము డిపోలో వైర్ల మధ్య బతికిన మనిషి.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
కాలిన ముక్కని గోటితో గీకి చూసింది.
"మోటారు అడిగింది తొంభై ఆంపియర్లు.
నువ్విచ్చింది ముప్పైకి సరిపడే దారి.
పెళ్ళివారందర్నీ దొడ్డిగుమ్మంలోంచి రమ్మన్నావు."

ఆమె వంటింటి బల్ల మీద
బఠాణీల గిన్నె పక్కకు జరిపి మొదలుపెట్టాం.
పెన్సిలంత వైరు, సిలికాను తొడుగు,
లోపల వెయ్యికి పైగా రాగి పోగులు.
ఇంత లావుదీ వేలికి చుడితే పసిపిల్ల జడలా వంగింది.
"పొట్టిగా కొయ్యి. ఇంకా పొట్టిగా.
బ్యాటరీ నుంచి దారి పొడుగైతే
కంట్రోలరు ఆయాసపడుతుంది."

టంకం నా చేత వేయించింది.
నా మొదటి అతుకు బూడిదరంగులో, గరుగ్గా,
అలిగిన చుట్టంలా కూర్చుంది.
పట్టుకు లాగింది. ఊడొచ్చింది.
"అతకలేదు. పక్కపక్కన నిలబడ్డాయంతే."
రెండోదీ అంతే.
మూడోది మెరిసింది.
మళ్ళీ లాగింది.
ఈసారి వైరుతో పాటు నేనూ ముందుకు ఊగాను.

సాకెట్టు బ్యాటరీ వైపు,
పొడుచుకొచ్చే పిన్ను పడవ వైపు.
"కరెంటున్న వైపు లోహం బయటికి కనపడకూడదు."
తిరగేసి పెడితే ఏమవుతుందని అడిగాను.
ఎడమచేతి ఉంగరపు వేలు చూపించింది.
ఉంగరం లేదు.
ఉంగరం ఉండాల్సిన చోట చుట్టూతా
ఉంగరమంత తెల్లటి మచ్చ.
నేను బఠాణీల గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను.

చివర్లో ఫ్యూజు తీసింది.
"అన్నీ ఇంత గట్టిగా చేశాం కదా, మళ్ళీ ఇదెందుకు?"
"గట్టివాటన్నిటి మధ్యా ఓడిపోయేదొకటి ఉండాలి.
ముందు ఏది కాలాలో నువ్వు తేల్చకపోతే
నిప్పు తేలుస్తుంది."
అని లేచి, టీకి నీళ్ళు పెట్టింది.

ఇంకొకటి: డెక్కు పైన వైరు ఉచ్చు.
లాగితే సర్క్యూట్ తెగిపోతుంది, మూత తియ్యక్కర్లేదు.
దానికి పాత చేతితొడుగు విప్పి ఎర్ర ఉన్ని కట్టింది.
ఏమీ తెలియని వాళ్ళకి కూడా
ఎక్కడ లాగాలో తెలియాలట.

సెప్టెంబరు. నీటి మీద గాలి.
రెల్లు అంచున మలుపు తిప్పుతుంటే
నాచు ప్రొపెల్లర్ని చుట్టేసింది.
ఆగిపోయింది. పొగ లేదు.
హంసొకటి వచ్చి చూసి, పనికిరాదనుకుని వెళ్ళిపోయింది.
"మళ్ళీ చచ్చిందా నీ పడవ?" ఐగార్స్ నవ్వాడు.
నేనూ నవ్వాను, అతనికి అర్థం కాని కారణానికి.

గాలే దాన్ని నెమ్మదిగా ఒడ్డుకు తోసింది.
చేయి వేసి చూస్తే మూత చల్లగా,
రాత్రి పొగగూట్లో నిప్పు ఆర్పాక
పొద్దున ఇటుక ఉన్నంత చల్లగా.

బెంచీ మీద వెల్టా కోటు జేబులు తడుముకుంది.
కొత్త ఫ్యూజు తీసింది. పది తెచ్చిందట.
చెయ్యి చాపాను.
ఇవ్వలేదు.
"ముందు ఎర్ర ఉన్ని లాగు."