గంటల మీటరు

చీమకుర్తి దాటాక క్వారీ గేటుకు ఇవతల
ఎక్స్‌రే బస్సు ఆపాం.
ముందు దిగేది నేనే.
పిడికెడు మట్టి తీసి వదిలి చూస్తాను.
పొగగొట్టం ఏ పక్కకుండాలో
బస్సు ఎటు మొహం పెట్టాలో
ఆ మట్టి చెప్పుద్ది.

"ఇన్నేళ్లయినా ఇదేందన్నా" అని నవ్వుతాడు కాశింవలి.
కావలి ఐటీఐ, చేరి పదకొండు రోజులు.

జనరేటరు బస్సు పొట్టలో ఉంటుంది, తెల్ల తలుపు వెనక.
లేపేముందు నూనె పుల్ల తీసి
నా పాత లుంగీ పేలికతో తుడిచి
మళ్లీ ముంచి చూడాలి, రెండు గీతల మధ్య ఎక్కడుందో.
లేచాక ఐదు నిమిషాలు దాని జోలికి పోకూడదు.
మొహం కడుక్కోనీకుండా మనిషికి పని చెప్తామా?
అప్పుడు మెయిను. అప్పుడు ఏసీ.
ఎక్స్‌రే అన్నిటికన్నా ఆఖర్న.

వరసలో డ్రిల్లు పట్టేవాళ్లు, రాయి కోసేవాళ్లు,
పాలిష్ షెడ్ల ఆడోళ్లు, కనురెప్పల మీద బూడిదతో.
లోపల్నించి ఫ్లారెన్సమ్మ గొంతు:
"గాలి పీల్చి బిగబట్టండి."
ఆ క్షణానే కింద ఇంజను కూడా
గొంతు దించి, బిగబట్టి, మళ్లీ అందుకుంటుంది.
"వదలండి."
రోజుకు అరవై సార్లు.
స్టూలేసుకుని బయట కూర్చుని
ఇద్దరిదీ వింటాను.

రాత్రుళ్లు బస్సులోనే మా కాపురం.
పోయినేడు కొత్తపట్నం ఇసకలో
సముద్రపు గాలి చూసుకుని పొగని పడమటికి పెట్టి
అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని పడుకున్నాం.
తలుపు పక్కన ఒక తెల్ల డబ్బీ ఉంటుంది, విషగాలికి కూసేది.
బ్యాటరీ అయిపోయి అస్తమానం కీచుమంటుంటే
దాని బ్యాటరీ పీకేసింది నేనే.
నడిరేయి గాలి పడమట నించి తిరిగింది.
వాసన లేదు, రంగు లేదు, దగ్గన్నా రాలా.
దొంగే నయం, చెంబుకో తప్పేలకో తగులుతాడు.
డ్రైవరు ఆదెన్న బీడీ కోసం లేచి
తలుపు తీసి ఇసకలో కూలబడ్డాడు.
తెరిచిన ఆ తలుపు వల్లే మేమున్నాం.
బీడీని తిట్టడం ఆ రోజు నించి మానేశాను.

ఇప్పుడు మేం పడుకుంటే అదీ పడుకోవాల్సిందే.
దోమలు కుట్టనీ, ఉక్కపోయనీ.
డబ్బీకి నెలకోసారి నా డబ్బుల్తో బ్యాటరీ.

మధ్యాహ్నం కాశింవలి క్యాను ఎత్తాడు,
ఇంజను ఇంకా సెగలు కక్కుతుండగానే.
నేనేం అనలా. చొక్కా చెయ్యి పైకి మడిచి
మోచేతి దాకా ఉన్న మచ్చ చూపించా.
క్యాను కింద పెట్టాడు.

గాలి ఫిల్టరు రెండొందల గంటలకి మార్చమంటుంది కంపెనీ పుస్తకం.
ఆ పుస్తకం రాసినోడు ఈ రోడ్డెక్కలా.
ఇక్కడ యాభైకే ఊడదీస్తాను.
టైరుకేసి కొడితే గుప్పున రాలుద్ది నల్లరాతి పొడి,
ఎండలో అక్కడక్కడా మెరుస్తా.

మాలకొండయ్య చూస్తా నిలబడ్డాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటా.
ఆయన ఫిలిం అప్పుడే కిటికీకి ఆనించి చూస్తోంది ఫ్లారెన్సమ్మ.
"నాది గూడా ఇట్టా ఊడదీసి కొట్టొచ్చా అబ్బాయా?"
నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి జారింది,
దగ్గు చాలాసేపు ఉంది.

కొత్త ఫిల్టరు బిగించాను. ఆరొందల నలభై రూపాయలు.
మీటరు చూసి పుస్తకంలో ఎక్కించాను: 3412.
"అదేంది లెక్క?"
"ఇది ఎన్ని గంటలు తిరిగిందో, పెద్దాయనా."
కాసేపు ఆలోచించాడు.
ఇరవై రెండేళ్లు, ఏడాదికి మూడొందల రోజులు,
రోజుకి ఎనిమిది గంటల డ్రిల్లు.
కాశింవలి ఫోనులో నొక్కి చూసి
ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.
"ఎంతొచ్చింది?"
"యాభై రెండువేల ఎనిమిదొందలు."

మట్టి ఇంకోసారి వదిలి చూశా.
గాలి తిరిగింది.
బస్సు తిప్పాలమ్మా అని
నీడన కూర్చున్నోళ్లని కాస్త లేవమన్నాను.